పాత సర్క్యూట్ డిజైన్ సాఫ్ట్‌వేర్, కొత్త కంప్యూటర్: అపోహలు - వాస్తవాలు

చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యంత్రం ఇనుము అరిగేదాకా నడుస్తుంది. దాన్ని నడిపించే కంట్రోల్ బోర్డుకు అంత ఆయుష్షు ఉండదు. రాతి పొడి కలిసిన తడి ప్యానెల్లోకి చేరి పొరలు కడుతుంది. నెల్లూరు తీరంలో ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లను నడిపే ప్యానెళ్లకు ఉప్పుగాలి శత్రువు. రాగి గీతలు పచ్చబడి, సన్నబడి, ఒకరోజు తెగిపోతాయి. బోర్డు మళ్లీ చేయించాలంటే దాని డిజైన్ ఫైలు కావాలి. ఫైలు చాలాచోట్ల ఉంటుంది, ఏ సీడీలోనో, ఏ పాత సీపీయూలోనో. దాన్ని గీసిన సాఫ్ట్‌వేర్ మాత్రం కొత్త కంప్యూటర్లో తెరుచుకోదు.

ఒంగోలులో నా బల్ల మీదికి వచ్చే పనుల్లో ఎక్కువ భాగం ఇవే. "పాతది కదా సార్, ఇక నడవదు" అని ఎవరో చెప్పగా విని, యజమానులు యంత్రం మొత్తం మార్చడానికి సిద్ధపడి వస్తారు. నిజానికి ఆగిపోయింది నాలుగింటిలో ఏదో ఒకటి: ఇన్‌స్టాల్ చేసే సెటప్, అసలు ప్రోగ్రామ్, లైసెన్సు తాళం, లేదా ఫైలు. ఏది ఆగిందో తేల్చకుండా నాలుగింటికీ ఒకే మందు వేస్తున్నారు. బాగుపడగలిగిన డిజైన్లు అలా పోతుంటే చూడటం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

అపోహ: ఫైలు తెరుచుకోవడం లేదంటే పాడైపోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు ఫైలు నిక్షేపంగా ఉంటుంది. దాన్ని తెరవబోయిన ప్రోగ్రామే వేరు. పేరు చివర ఉన్న మూడక్షరాలను నమ్మకండి. 'డీఎస్‌ఎన్' అనే ముగింపు ఆర్‌క్యాడ్ క్యాప్చర్‌ది కావచ్చు, ప్రోటియస్ 7దీ కావచ్చు. 'ఎస్‌సీహెచ్' ఈగిల్‌కూ, ప్రోటెల్‌కూ, పాత కీక్యాడ్‌కూ ఉంది. ఇవన్నీ సర్క్యూట్లు, బోర్డులు గీసే ప్రోగ్రాములే.

ముందు ఫైలుకు నకలు తీయండి. ఆ నకలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి వరుస చదవండి. అక్కడ 'స్టాండర్డ్ జెట్ డీబీ' అన్న మాటలు కనిపిస్తే అది మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ రూపం, అంటే చాలావరకు ప్రోటెల్ 99 కాలపు డీడీబీ (డిజైన్ అంతా ఒకేచోట దాచే ఫైలు). 'ఈఈస్కీమా' అని మొదలైతే కీక్యాడ్ పాత సర్క్యూట్. ఎక్స్‌ఎంఎల్ వరుసల మధ్య ఈగిల్ పేరు కనిపిస్తే ఈగిల్ 6 లేదా ఆ తరువాతిది. 'పీకే' అనే రెండక్షరాలతో మొదలైతే అది జిప్ కట్ట; ప్రోటియస్ 8 ప్రాజెక్టులు అలాగే ఉంటాయి. డాస్ కాలపు ప్రోటెల్ ఆటోట్రాక్స్ ఫైళ్లయితే మామూలు అంకెలు, అక్షరాలుగానే చదవడానికి వస్తాయి. మొదటి నుంచి చివరిదాకా ఖాళీయే ఉంటే అప్పుడు ఫైలు నిజంగా పోయినట్టు. చూశాక నోట్‌ప్యాడ్‌లో సేవ్ మాత్రం చేయకండి, బైనరీ ఫైలు అక్కడితో చెడిపోతుంది.

అపోహ: కంపాటిబిలిటీ మోడ్ పెడితే ఏ పాత ప్రోగ్రామైనా నడుస్తుంది.

వాస్తవం: ఆ మోడ్ పాత విండోస్‌ను వెనక్కి తీసుకురాదు. ప్రోగ్రామ్ "ఇది ఏ విండోస్?" అని అడిగితే ఎక్స్‌పీ అనో, 98 అనో బదులిస్తుంది. దానితోపాటు కొన్ని పాత పద్ధతులకు సర్దుబాట్లు చేస్తుంది. వెర్షన్ నంబరు చూసి మొరాయించే ప్రోగ్రాములకు అది సరిపోతుంది. డాస్, విండోస్ 3.1 కాలపు 16-బిట్ ప్రోగ్రాములకు దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. వాటిని నడిపే ఎన్‌టీవీడీఎం అనే భాగం 64-బిట్ విండోస్‌లో అసలు లేదు. 32-బిట్ విండోస్ 10లో ఉంది కానీ విడిగా ఎంచుకుని పెట్టుకోవాలి. విండోస్ 11 వచ్చిందే 64-బిట్‌లో. కాబట్టి డాస్ కాలపు ప్రోగ్రామైతే డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్‌లో, విండోస్ 3.1 కాలపుదైతే వర్చువల్ యంత్రంలో (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) పాత విండోస్ పెట్టి నడపండి. మౌసు కుడి మీటలోని జాబితాలో గంటల తరబడి వెతికినా అక్కడ దొరికేది లేదు.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. తొంభైల చివర్లో వచ్చిన చాలా ప్యాకేజీల్లో ప్రోగ్రామ్ 32-బిట్‌దే అయినా సెటప్ మాత్రం 16-బిట్‌ది. సీడీ పెట్టగానే "ఈ ప్రోగ్రామ్ మీ కంప్యూటర్లో నడవదు" అన్న సందేశం వస్తే అది సెటప్ గురించి చెప్పిన మాట. లోపలి ప్రోగ్రామ్ గురించి అది ఏమీ చెప్పలేదు. కొన్ని పాత ఇన్‌స్టాల్‌షీల్డ్ సెటప్‌లను విండోస్ తానే గుర్తుపట్టి, వాటి స్థానంలో 32-బిట్ రూపాన్ని నడుపుతుంది. అలా జరగకపోతే వర్చువల్ యంత్రంలోని పాత విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసి, ఆ ఫోల్డర్‌ను కొత్త కంప్యూటర్లోకి నకలు చేసి చూడండి. రిజిస్ట్రీ (విండోస్ అమరికల పట్టిక) మీద పెద్దగా ఆధారపడని ప్రోగ్రాములు అలా కూడా నడుస్తాయి. ఫోల్డర్ పేరు చిన్నదిగా, ఖాళీలు లేకుండా, ఇంగ్లిషు అక్షరాల్లో ఉండాలి. విండోస్ ఖాతా పేరు తెలుగులో పెట్టుకున్నవారి కంప్యూటర్లలో ఆ దారిని చదవలేక ఆగిపోయే పాత ప్రోగ్రాములు ఉన్నాయి. అందుకే నేరుగా సీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసుకోవడం మేలు.

అపోహ: ప్రోటెల్ 99 ఎస్‌ఈ కొత్త విండోస్‌లో తెరుచుకున్నా లైబ్రరీలు (విడిభాగాల బొమ్మలుండే ఫైళ్లు) ఎక్కించుకోదు, కాబట్టి పనికిరాదు.

వాస్తవం: దీని గురించి వివరంగా రాస్తాను. నాకు తెలిసిన పాత బోర్డుల్లో ఎక్కువ శాతం ఈ ప్రోగ్రాములో గీసినవే. ఆస్ట్రేలియాలో పుట్టిన ప్రోటెల్ కంపెనీయే 2001లో ఆల్టియమ్‌గా పేరు మార్చుకుంది. 99 ఎస్‌ఈ 32-బిట్ ప్రోగ్రామ్ కనుక విండోస్ 10లోనూ తెరుచుకుంటుంది. లైబ్రరీ జోడించబోతే మాత్రం ఫైలును గుర్తించలేకపోతున్నానని సందేశం ఇస్తుంది. అందరూ లైబ్రరీ ఫైలే చెడిందనుకుని దాన్ని మళ్లీ మళ్లీ దింపుకుంటారు. చిక్కు ఉన్నది జోడించే ఆ కిటికీలో.

ప్రోగ్రామ్ తన లైబ్రరీల జాబితాను విండోస్ ఫోల్డర్‌లోని రెండు ఐఎన్‌ఐ ఫైళ్లలో (అమరికలు దాచే చిన్న ఫైళ్లు) రాసుకుంటుంది. సర్క్యూట్ గీతకు ఒకటి, బోర్డుకు ఒకటి. ఎస్‌సీహెచ్ అనో, పీసీబీ అనో పేర్లలోనే తెలుస్తాయి, రెండింటి చివరా 99ఎస్‌ఈ అని ఉంటుంది. ప్రోగ్రామ్ మూసేసి, ఆ ఫైలులో లైబ్రరీ జాబితా ఉన్న భాగాన్ని వెతికి, మీ డీడీబీ ఉన్న పూర్తి దారిని చేత్తో చేర్చాలి. దారులు ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్క కూడా అక్కడే ఉంటుంది. ఒక వరుస చేర్చి లెక్క పెంచకపోతే కొత్త లైబ్రరీ కనిపించదు.

ఇంత చేసినా కనిపించలేదని వచ్చేవారు ఉంటారు. వారు మార్చిన ఫైలు ఒకటి, ప్రోగ్రామ్ చదువుతున్న ఫైలు మరొకటి. విస్టా నుంచి ఇటు, సాధారణ వినియోగదారుడి హోదాలో నడిచే పాత 32-బిట్ ప్రోగ్రామ్ విండోస్ ఫోల్డర్‌లో రాయబోతే, విండోస్ ఆ రాతను చడీచప్పుడు లేకుండా వినియోగదారుడి సొంత ఫోల్డర్‌లోని వర్చువల్‌స్టోర్ అనే చోటికి మళ్లిస్తుంది. తరువాత ప్రోగ్రామ్ ముందుగా చదివేది ఆ నకలునే. కాబట్టి యాప్‌డేటా కింద, లోకల్ కింద వర్చువల్‌స్టోర్ తెరిచి చూడండి. అదే ఐఎన్‌ఐ అక్కడ కనిపిస్తే మార్పు అక్కడ చేయండి. నా అనుభవంలో 'సరిచేసినా మారడం లేదు' అనే ఫిర్యాదుల్లో చాలావాటికి జవాబు ఈ ఫోల్డర్‌లోనే దొరికింది.

అపోహ: సర్క్యూట్‌ను కంప్యూటర్లోనే నడిపి చూసే పీస్పైస్ విద్యార్థి వెర్షన్‌లో పెద్ద సర్క్యూట్ ఆగిపోతే తప్పు విండోస్‌దే.

వాస్తవం: నెల్లూరు, ఒంగోలు కాలేజీల నుంచి ప్రాజెక్టు పనికి వచ్చే పిల్లలు ఇదే చెబుతారు. పీస్పైస్ 9.1 విద్యార్థి వెర్షన్‌కు 64 నోడ్లు (తీగలు కలిసే చోట్లు), 10 ట్రాన్సిస్టర్ల పరిమితి ఉంది. ఎక్స్‌పీలో నడిపినా అక్కడే ఆగుతుంది. ఎల్‌టీస్పైస్ ఉచితం, ఎన్‌జీస్పైస్ ఉచితం, వాటికి ఆ పరిమితి లేదు. పీస్పైస్ కోసం రాసిన మోడళ్లను చాలావరకు తీసుకుంటాయి.

అపోహ: ప్యారలల్ పోర్టు (పాత ప్రింటర్ పోర్టు) డాంగిల్‌ను, అంటే లైసెన్సు తాళాన్ని, యూఎస్‌బీ కేబుల్‌తో తగిలిస్తే చాలు.

వాస్తవం: బజారులో దొరికే యూఎస్‌బీ ప్రింటర్ కేబుల్ కంప్యూటర్‌కు ప్రింటర్‌గా మాత్రమే కనిపిస్తుంది. పాత డాంగిల్‌ను వెతికే ప్రోగ్రామ్ 378 అనే పోర్టు చిరునామాలో నేరుగా తడిమి చూస్తుంది. ఆ కేబుల్ వెనుక అలాంటి చిరునామా లేదు. ప్యారలల్ పోర్టు ఉన్న పీసీఐ కార్డు కొంత నయం, కానీ దాని చిరునామా వేరుగా ఉంటుంది. 378 తప్ప మరోచోట వెతకని ప్రోగ్రాములకు అదీ పనికిరాదు. పైగా 64-బిట్ విండోస్ డిజిటల్ సంతకం ఉన్న 64-బిట్ డ్రైవర్‌ను తప్ప లోపలికి రానివ్వదు. డాంగిల్ కంపెనీ అలాంటి డ్రైవర్ ఇచ్చిందో లేదో చూడటం మొదటి పని. రెండోది, సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీకి బిల్లు, సీరియల్ నంబరుతో ఉత్తరం రాసి లైసెన్సు మార్చి ఇవ్వమని అడగడం. దయచేసి క్రాక్ (లైసెన్సు తాళాన్ని దొంగచాటుగా తప్పించే ప్రోగ్రామ్) వెతకకండి. ఫ్యాక్టరీ లెక్కలు, జీతాల వివరాలు ఉన్న కంప్యూటర్లో ఊరూపేరూ లేని ప్రోగ్రామ్‌ను నడపడానికి ఏ బోర్డూ తగిన కారణం కాదు.

అపోహ: పాత ఎక్స్‌పీ సీపీయూ మూలన భద్రంగా ఉంది, ఇబ్బంది లేదు.

వాస్తవం: దాని హార్డ్ డిస్క్ వయసు ఎవరూ అడగరు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. ఆ యంత్రం ఇంటర్నెట్‌కు తగిలించదగినది కాదు. అది ఇంకా మొదలవుతున్న ఈ రోజే డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా (ఒకే ఫైలులో పూర్తి నకలుగా) తీసి, కొత్త కంప్యూటర్లో వర్చువల్‌బాక్స్ వంటి దానిలో నడపండి. డిస్క్ కంట్రోలర్‌ను పాత రకమైన ఐడీఈగా పెట్టాలి. శాటాగా ఉంచితే డ్రైవర్ లేక ఎక్స్‌పీ నీలి తెర చూపి ఆగిపోతుంది. యంత్రం మారింది కనుక యాక్టివేషన్ మళ్లీ అడగవచ్చు, లైసెన్సు కాగితం దగ్గర ఉంచుకోండి. ఆ వర్చువల్ యంత్రానికి నెట్‌వర్క్ ఇవ్వకండి. ఫైళ్ల రాకపోకలకు పంచుకునే ఫోల్డర్ ఒక్కటి చాలు.

అపోహ: కీక్యాడ్ ఫైలును తెరిచేసింది, ఇక పని అయిపోయింది.

వాస్తవం: తెరవడం మొదటి మెట్టు. కీక్యాడ్ ఆల్టియమ్ ఫైళ్లను, ఈగిల్ 6 నుంచి వచ్చిన ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను దిగుమతి చేసుకుంటుంది. అంతకు ముందరి ఈగిల్ బైనరీ ఫైలైతే ముందు ఈగిల్ 6లోనో, 7లోనో తెరిచి సేవ్ చేయాలి. 2026 జూన్ 7 తరువాత ఈగిల్ ఉండదని ఆటోడెస్క్ ముందే ప్రకటించింది. అలాంటి ఫైళ్లు ఉన్నవారు ఈ పనిని వాయిదా వేయవద్దు. కీక్యాడ్ సొంత పాత ఫైళ్లకూ ఒక షరతు ఉంది. ప్రాజెక్టు ఫోల్డర్‌లో పేరు చివర 'కాష్' అని ఉన్న లైబ్రరీ ఫైలు లేకపోతే సర్క్యూట్‌లో విడిభాగాల స్థానంలో ఖాళీ పెట్టెలు, ప్రశ్న గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పంపమంటే సర్క్యూట్ ఒక్కటే పంపుతారు. ఫోల్డర్ మొత్తం పంపండి.

మార్చిన బోర్డులో నేను మొదట చూసేది రాగి పరుపు, అంటే గీతల మధ్య జాగాను నింపే రాగి పొర. దాన్ని కొత్త ప్రోగ్రామ్ తన నియమాలతో మళ్లీ నింపుతుంది, 415 వోల్టుల గీతకూ పక్కగీతకూ మధ్య ఉన్న ఖాళీ తగ్గిపోయే ప్రమాదం ఉంది. తడి ప్యానెల్లో ఆ ఖాళీయే మనిషిని కాపాడుతుంది. తరువాత పాత నెట్‌లిస్టునూ (ఏ కాలు దేనితో కలిసిందో చెప్పే జాబితా) కొత్త నెట్‌లిస్టునూ పోల్చాలి. పాత గర్బర్ ఫైళ్లు (బోర్డు తయారీదారుకు ఇచ్చే పొరల బొమ్మలు) ఉంటే కీక్యాడ్‌లోని గర్బర్‌వ్యూలో పాతదీ కొత్తదీ ఒకదానిమీద ఒకటి పరిచి తేడా చూపే పద్ధతి ఉంది. తేడా ఉన్నచోటల్లా కారణం తెలిసేదాకా బోర్డును తయారీకి పంపకండి.

అపోహ: గర్బర్ ఉంటే చాలు, మిగతావన్నీ అనవసరం.

వాస్తవం: ఉన్న బోర్డునే ఉన్నట్టుగా మళ్లీ చేయించుకోవాలంటే గర్బర్ నిజంగానే చాలు, పాత సాఫ్ట్‌వేర్ జోలికే వెళ్లనక్కరలేదు. ఈ మాట ముందే చెప్పేవారు లేక ఎంతో శ్రమ వృథా అవుతోంది. అయితే ఆ గర్బర్ ఏ తరందన్నది చూడాలి. ఆర్‌ఎస్-274ఎక్స్ రకంలో గీతల వెడల్పులు ఫైలులోనే ఉంటాయి. దానికి ముందరి 274డీ రకంలో అపర్చర్ జాబితా (వెడల్పుల పట్టిక) వేరే ఫైలు. అది లేకపోతే గీత ఎక్కడ ఉందో తెలుస్తుంది, ఎంత వెడల్పో తెలియదు.

డ్రిల్లు ఫైలులో దశాంశ చుక్కలు ఉండకపోవచ్చు. అంగుళాల్లో 2.4 అమరికలో (చుక్కకు ముందు రెండు, తరువాత నాలుగు అంకెలు) '0125' అని ఉందనుకోండి. చివరి సున్నాలు వదిలేసిన పద్ధతిలో అది 1.25 అంగుళాలు, ముందు సున్నాలు వదిలేసిన పద్ధతిలో 0.0125 అంగుళాలు. తయారీదారుకు ఫైళ్లతోపాటు ఈ అమరిక కూడా రాసి ఇవ్వాలి.

తయారీకి ముందు బోర్డును కాగితం మీద అసలు కొలతలో ముద్రించండి. ప్రింటర్ అమరికల్లో 'పేజీకి సరిపోయేలా' అన్నది తీసేసి 100 శాతం పెట్టాలి. పాత బోర్డు నుంచి తీసిన 40 కాళ్ల ఐసీని ఆ కాగితం మీద ఆనించి చూడండి. కాళ్ల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు ఉండాలి. ఎవరో ఎప్పుడో 2.5 అని గుండ్రం చేసిన ఫుట్‌ప్రింట్ (బోర్డు మీద ఆ ఐసీ కాళ్ల అమరిక) అయితే, ఒక వైపున్న 20 కాళ్ల మధ్య 19 ఖాళీలు కలిసి చివరి కాలు దగ్గరికి వచ్చేసరికి 0.76 మిల్లీమీటర్ల తేడా వస్తుంది, ఆ ఐసీ రంధ్రాల్లో దిగదు.