“సెల్లో వేస్తే దారికొస్తాడు”: జైలు గురించి అపోహలు, వాస్తవాలు

నెల్లూరు దగ్గరి చెముడుగుంట సెంట్రల్ జైలుకైనా ఒంగోలు జైలుకైనా ములాఖత్‌కు వచ్చేవాళ్ల నోట మళ్లీ మళ్లీ వినిపించే మాట: “మావోణ్ణి సింగిల్ సెల్లో ఏశారంట, ఇంక చూడనీరంట.” పాపం, కనిగిరి నుంచో ఉదయగిరి నుంచో బస్సెక్కి వచ్చినవాళ్ల భయం అది. కానీ జైలు లోపలా బయటా పెద్దమనుషుల్లా చెప్పే ఇంకో మాట ఉంది. ఎక్కువ నష్టం దానితోనే.

అపోహ: నాలుగు రోజులు ఒంటరిగా పడేస్తే బుద్ధొస్తుంది. మిగతా పద్ధతులన్నీ గారాబం.

వాస్తవం: సెల్లో ఉన్నన్నాళ్లు గొడవ కనబడదు, అంతే. మాట్లాడే మనిషి లేకపోతే నిద్ర చెడుతుంది, అనుమానం పెరుగుతుంది, చిన్న చప్పుడుకే ఉలికిపాటు. ఆ స్థితిలో నేరుగా కిక్కిరిసిన బ్యారక్‌లోకి తోస్తే కుళాయి దగ్గరే కొట్లాట. “చూశారా, వీడింతే” అని మళ్లీ సెల్. న్యూయార్క్ నగర జైళ్లపై 2014లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఒంటరి నిర్బంధం అనుభవించిన వాళ్లు జైలుకొచ్చిన వాళ్లలో 7.3 శాతమే. తమను తాము గాయపరుచుకున్న ఘటనల్లో మాత్రం 53.3 శాతం వాళ్లవే. అమెరికాలోనే మిసిసిపీ రాష్ట్రంలోని పార్చ్‌మన్ జైలు యూనిట్ 32లో దాదాపు వెయ్యిమంది ఒంటరి ఖైదీలుండేవాళ్లు. 2007 నుంచి వాళ్లలో ఎక్కువమందిని బయటికి తెచ్చి కలిసి తిండి, పని, ఆట ఇచ్చారు. హింస సుమారు 70 శాతం తగ్గింది. గారాబం చేస్తే తగ్గేదేనా ఇది?

ప్రత్యామ్నాయం అంటే వదిలేయడం కాదు. మొదటి రోజే కారణం పట్టుకోవాలి: ఫోనా, అప్పా, ఊరి కక్షా, జబ్బా? కక్షయితే బ్యారక్ మారిస్తే చాలు. తప్పయితే 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్ 46వ సెక్షన్‌లోనే హెచ్చరిక, పని మార్పు, రెమిషన్ (మంచి నడతకు శిక్షలో ఇచ్చే తగ్గింపు) కోత ఉన్నాయి. రిమాండ్ ఖైదీకి రెమిషనే ఉండదు కాబట్టి అక్కడ కూర్చోబెట్టి సర్ది చెప్పడమే దారి. వేరు చేయక తప్పనప్పుడు మెట్లుగా వెనక్కి తేవాలి. ముందు ఇద్దరు ముగ్గురితో భోజనం, తర్వాత పగటిపూట చిన్న గుంపులో పని, ఆపైన రాత్రికీ బ్యారక్. ఏ మెట్టు ఏ తేదీకో రాసి అతనికే చెప్పాలి. తేదీ చెప్పకపోతే అదీ సెల్లే. ఇలాంటి ఏర్పాట్లు ఎక్కువగా చెడేది రెండుచోట్ల. ఒక వార్డర్ ఒప్పుకున్నది డ్యూటీ మారాక వచ్చినవాడు ఒప్పుకోడు. రెమిషన్ మార్కులు కోయడమే తప్ప కలపడం ఉండదు, దాంతో ఖైదీ ఆశ వదిలేస్తాడు.

జబ్బు సంగతి విడిగా చెప్పాలి. రోజూ తాగే మనిషికి అరెస్టయిన రోజే చేతులు వణకడం మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనబడి అరుస్తాడు, ఎదురు తిరుగుతాడు. చాలామందికి అది పొగరుగా కనిపిస్తుంది. దానికి మందు ఆసుపత్రిలో ఉంది: డాక్టర్ చూసి ఇచ్చే డయజెపామ్ లాంటి మందులు, థయామిన్ (బి1 విటమిన్). సెల్లో వేస్తే ప్రాణం పోవచ్చు. అందుకే తాగుడు అలవాటు, ఫిట్స్, మనోవ్యాధి మాత్రలు ఏవున్నా రిమాండ్ రోజే పాత చీటీతో సహా జైలు డాక్టరుకు చేరేలా చూడండి. పరువు అని దాచొద్దు.

అపోహ: చచ్చిపోతానంటున్నవాణ్ణి ఒంటరిగా ఉంచితే క్షేమం.

వాస్తవం: పూర్తిగా తప్పు. నలుగురి మధ్య ఉంచాలి, పక్కన నమ్మకమైన తోటి ఖైదీ ఉండాలి, ఉరికి పనికొచ్చే గుడ్డా తాడూ తీసేయాలి, మానసిక వైద్యుడు చూడాలి.

మిగతావి గబగబా. సింగిల్ సెల్ అన్నంత మాత్రాన ఏకాంత నిర్బంధం కాదు. ఖైదీలను ఎలా చూడాలో చెప్పే ఐక్యరాజ్యసమితి 2015 నాటి మండేలా నియమాల లెక్కలో రోజుకు 22 గంటలు, లేదా అంతకు పైగా అర్థవంతమైన మనిషి సాంగత్యం లేకపోతేనే అది. వరసగా 15 రోజులు దాటకూడదు. “సూపరింటెండెంట్ ఎన్నాళ్లైనా ఉంచొచ్చు” అనేది వట్టి మాట. 1894 చట్టం ప్రకారం సెల్ శిక్ష ఒక దఫాకు 14 రోజులే. 24 గంటలు దాటితే వైద్య సిబ్బంది రోజూ చూడాలి. ఉరిశిక్ష పడగానే ఒంటరిగా ఉంచడం కుదరదని సుప్రీంకోర్టు 1978లోనే సునీల్ బత్రా కేసులో చెప్పింది. అదే పేరుతో 1979 డిసెంబరులో ఇచ్చిన ఇంకో తీర్పు ప్రకారం శిక్షగా సెల్లో వేయాలంటే సెషన్స్ జడ్జి (జిల్లా జడ్జి) పరిశీలన ఉండాలి. అత్యవసరమైతే రెండు రోజుల్లో తెలపాలి. వకీలును కలిసే హక్కు సెల్‌తో పోదు.

కాబట్టి వదంతులు వింటూ గేటు దగ్గర కూర్చోకుండా ఒక అర్జీ రాయండి. ఖైదీ పేరు, నంబరు, సెల్లో వేసిన తేదీ రాసి నాలుగే అడగండి: ఏ తప్పుకు, పనిష్‌మెంట్ బుక్‌లో ఎక్కిందా, డాక్టర్ చూశారా, ఏ తేదీకి బయటికి తెస్తారు. ఒక ప్రతి సూపరింటెండెంట్‌కు, ఇంకోటి జిల్లా జడ్జికి. రాయడం రాకపోతే నెల్లూరు, ఒంగోలు కోర్టుల్లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా రాసిపెడతారు. ఫోనయితే 15100.