మారుబేరానికి నిలిచే భూమి: రాయగడ, కొరాపుట్‌లలో 1956 దాకా ఎందుకు వెళ్లాలి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, జయపురం వైపు భూమి కొన్న తెలుగు కుటుంబాలకు చిక్కు తిరిగి అమ్మబోయినప్పుడు బయటపడుతుంది. రిజిస్టరు దస్తావేజు ఉంటుంది, శిస్తు రశీదులుంటాయి. కొనేవాళ్ల వకీలు మాత్రం 1956లో ఈ భూమి ఎవరిదని అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే అది.

దీని మూలం మద్రాసు రాజధాని నాటిది. గంజాం, విశాఖ ఏజెన్సీల్లో గిరిజనుల భూములు షావుకార్ల పాలవుతుంటే 1917లో చట్టం తెచ్చారు. ఏజెంటు (ఏజెన్సీని పాలించే సర్కారు అధికారి) గానీ, ఆయన తరఫు అధికారి గానీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా గిరిజనుడు గిరిజనేతరుడికి భూమి ఇస్తే చెల్లదన్నారు. 1936 ఏప్రిల్ 1న ఈ ప్రాంతం ఒడిశాలోకి వెళ్లింది. 1956 అక్టోబరు 4 నుంచి షెడ్యూల్డు ప్రాంతాల్లో (రాజ్యాంగం కింద గిరిజన ప్రాంతాలుగా గుర్తించినవి) ఆ రాష్ట్రం సొంత రెగ్యులేషను అమలైంది. అప్పటికీ అనుమతితో అమ్మకాలు సాగేవి. 2002 సెప్టెంబరు 4 నుంచి ఆ దారీ మూసేశారు. అంతేకాదు, 1956 తర్వాత గిరిజనుల భూమి పొందినవాళ్లు అదెలా వచ్చిందో రెండేళ్లలోగా సబ్ కలెక్టరుకు తెలపాలన్నారు. తెలపకపోయినా, సరైన ఆధారం చూపలేకపోయినా భూమి అసలు హక్కుదారుకో వారసులకో తిరిగి చేరుతుంది. రిజిస్ట్రేషను అయినంత మాత్రాన ఆ లోపం పోదు. 2023 నవంబరులో అనుమతితో అమ్ముకోనివ్వాలని ఒడిశా మంత్రివర్గం తలపెట్టి, నిరసనలు రావడంతో వెంటనే వెనక్కి తగ్గింది.

ఆంధ్రా 1/70తో (ఏజెన్సీ భూముల బదలాయింపుపై 1970 నాటి రెగ్యులేషను) దీన్ని కలపకూడదు. అక్కడ ఏజెన్సీలో గిరిజనేతరులు తమలో తాము అమ్ముకోవడం కూడా నిషిద్ధం. ఇక్కడ ఆ అమ్మకం చెల్లుతుంది, భూమి చేతులు మారిన గొలుసులో ఎక్కడా గిరిజన హక్కుదారు లేకపోతేనే.

గొలుసు చూడ్డానికి ఈసీ (రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్) చాలదు, నోటిమాట అమ్మకాలు అందులో ఉండవు. తహసీలు నుంచి సాబిక్ (పాత సెటిల్‌మెంటు), హాల్ (ఇప్పటి) ఖతియాన్ల (భూమి హక్కుల రికార్డుల) ధ్రువీకృత నకళ్లు తీసుకోవాలి. ప్లాటు నంబర్లు రెండింట్లో వేరుగా ఉంటాయి కాబట్టి పాత నంబరుకు కొత్తది జత కుదిర్చాకే పేర్లు పోల్చాలి. జాతి అన్నచోట సవర, కోందు, పరజా, గదబ వంటి పేరు కనబడి, తర్వాతి ఖాతాలో వేరే కులం వస్తే మధ్యలో అధికారి ఇచ్చిన అనుమతి ఉత్తర్వు నకలు ఉండి తీరాలి. అది లేని భూమిని ఎంత చవకైనా కొనకండి.

పర్లాకిమిడి పట్టణం షెడ్యూల్డు ప్రాంతం కాదు, గుమ్మ బ్లాకు అవుతుంది. షెడ్యూల్డు ప్రాంతాల బయట కూడా ఒడిశా 1960 భూసంస్కరణల చట్టం 22వ సెక్షను కింద ఎస్సీ, ఎస్టీల భూమి ఇతరులు కొనాలంటే రెవెన్యూ అధికారి అనుమతి కావాలి.

ఇంటి స్థలమైతే ఖతియాన్‌లో కిసమ్ (భూమి రకం) చూడాలి. ఘరబారి (ఇంటి స్థలం) అని లేకుండా సాగుభూమిగానే ఉంటే ముందు అదే చట్టం 8-ఎ సెక్షను కింద మార్పించాలి. విస్తీర్ణం డెసిమళ్లలో ఉంటుంది: ఒక డెసిమల్ మన సెంటే, 435.6 చదరపు అడుగులు.