పూతకొచ్చిన జీలుగను ఎందుకు దున్నేస్తారు?

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. నిలువెత్తు పెరిగి పసుప్పచ్చగా పూత పూస్తున్న జీలుగ చేనును, ఒక్క గింజ కూడా చేతికి రాకముందే ట్రాక్టరు పెట్టి ఎందుకు దున్నేస్తారని అడిగారు. అది గింజ కోసం వేసిన పైరు కాదు, పచ్చగా ఉండగానే దున్ని నేలలో కలిపి తర్వాతి వరికి ఎరువు చేసుకునే పచ్చిరొట్ట పైరు; నత్రజని కోసం వేసింది. పూత వేళ దాటితే ఆ నత్రజని వరికి అందడం కష్టమవుతుంది. ఎందుకో వేళ్ల దగ్గర నుంచి చెబుతాను.

మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. ఒక ఎకరం నేల మీద నిలిచిన గాలిలో దాదాపు 30 వేల టన్నులు ఉంటుంది. అయినా వరి మొక్క అందులో చిటికెడు కూడా నేరుగా తీసుకోలేదు. నత్రజని పరమాణువులు రెండేసి జతకట్టి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించాలంటే ఎరువుల కర్మాగారంలో 400 డిగ్రీలకు పైబడిన వేడి, మామూలు గాలి పీడనానికి వంద రెట్లు దాటిన ఒత్తిడి కావాలి. అదే పనిని జీలుగ, జనుము, పిల్లిపెసర, పెసర, అలసంద వంటి మొక్కల వేళ్ల మీది చిన్న బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా మామూలు నేల వేడిలోనే చేస్తుంది. మొక్క దానికి చక్కెర పెడుతుంది, అది మొక్కకు నత్రజని ఇస్తుంది. దీన్ని 1886లో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. మరో రెండేళ్లకు డచ్ శాస్త్రవేత్త బైజరింక్ వేరు బుడిపెల నుంచి ఆ బ్యాక్టీరియాను వేరుచేసి పెంచాడు.

మొలిచిన రెండు మూడు వారాల దాకా బుడిపెలు పని మొదలుపెట్టవు. ఆ రోజుల్లో మొక్క కాస్త పాలిపోయినట్టు కనిపిస్తే కంగారుపడి యూరియా చల్లకూడదు. నేలలో నత్రజని తేరగా దొరికితే మొక్క బ్యాక్టీరియాకు చక్కెర పెట్టడం మానేస్తుంది, బుడిపెలు సరిగా కట్టవు. అది అడిగేది భాస్వరం. అందుకే తర్వాత వరికి వేయాల్సిన సూపర్ ఫాస్ఫేటును ముందుగా పచ్చిరొట్టకే వేయడం మంచి పద్ధతి. ముందు జీలుగకు పనికొస్తుంది, అది కుళ్లాక వరికీ అందుతుంది.

ఏ నేలకు ఏది వేయాలో కూడా తెలుసుకోండి. నీళ్లు నిలిచే పల్లపు నేలకూ, చౌడుకూ జీలుగే. జనుము త్వరగా పెరుగుతుంది గానీ మొదళ్లలో నీళ్లు నిలిస్తే చచ్చిపోతుంది, నీరు ఇంకే నేలల్లోనే వేయాలి. పిల్లిపెసరను డెల్టాలో వరి కోతకు ముందు, పదును ఉండగానే చేలో చల్లుతారు. ఒకసారి పశువులకు మేతగా కోసుకుని, మళ్లీ చిగిర్చినదాన్ని దున్నుకోవచ్చు.

జీలుగ విత్తనం ఎకరాకు 12 నుంచి 15 కిలోలు. పలుచగా చల్లితే విత్తనం మిగిలిందనుకుంటారు కొందరు. చోటు ఎక్కువైతే మొక్క కొమ్మలేసి కాండం లావెక్కి కట్టెబారుతుంది. ఒత్తుగా ఉంటే సన్నగా, లేతగా పైకి లేస్తుంది. మనకు కావలసింది ఆ లేతదనమే. గింజ పైపొర గట్టిది కాబట్టి రాత్రంతా నానబెట్టి, నీళ్లు వార్చి, రైజోబియం పట్టించాలి. లీటరు నీటిలో 100 గ్రాముల బెల్లం కరిగించి మరిగించి, పూర్తిగా చల్లారాక 200 గ్రాముల రైజోబియం ప్యాకెట్టు పొడి కలపండి. గింజలకు పట్టడానికి సరిపోయేంత పోసి, నీడలో ఆరబెట్టి అదే రోజు చల్లేయాలి. వేడి పాకంలో కలిపినా, ఎండలో ఆరబోసినా బ్యాక్టీరియా బతకదు. జీలుగకూ జనుముకూ దేని జాతి బ్యాక్టీరియా దానికే నప్పుతుంది, ప్యాకెట్టు మీద పైరు పేరు చూసుకోండి.

ఇక దున్నే రోజు. రోహిణి కార్తెలో వానకో, కాస్త తడికో చల్లితే జూలై మధ్యకల్లా 45, 50 రోజులవుతుంది, పూత మొదలవుతుంది. లేత మొక్కలో ఒక పాలు నత్రజనికి 15 నుంచి 20 పాళ్లు కర్బనం ఉంటుంది. పూత ముగిసి కాయ కడితే నత్రజని గింజలోకి పోతుంది, కాండం పీచుబారుతుంది, కర్బనం 30 పాళ్లు దాటుతుంది. అటువంటిదాన్ని కలియదున్నితే, కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు తమ ఒంటికి కావలసిన నత్రజనే అందులో దొరకదు. అవి నేలలో ఉన్నదాన్ని లాక్కుంటాయి, కొత్తగా నాటిన వరి పాలిపోయి పసుపు రంగుకు తిరుగుతుంది. ఎరువు వేసినా పైరు ఎందుకిలా అయిందని అప్పుడు తల పట్టుకుంటారు. ముదిరిన జనుమయితే మరో తంటా: నార రొటావేటరు కత్తులకు చుట్టుకుని ఆగి ఆగి విప్పాల్సి వస్తుంది. వాన కోసమో, ట్రాక్టరు కోసమో రెండు వారాలు ఆలస్యం కావడం ఊళ్లలో మామూలే. అందుకే ట్రాక్టరు మాట విత్తిన నాడే మాట్లాడి పెట్టుకోవాలి.

దున్నాక రెండు మూడు అంగుళాల నీరు నిలిపి 10 నుంచి 15 రోజులు కుళ్లనివ్వాలి. ఆ తర్వాతే దమ్ము, నాట్లు. మర్నాడే నాటితే కుళ్లేటప్పుడు పుట్టే ఆమ్లాలు, వాయువులు లేత వేళ్లను దెబ్బతీస్తాయి. మధ్యలో చేను ఆరిపోయి మళ్లీ నీరు పెడితే ఇంకో నష్టం. ఆరినప్పుడు నత్రజని నైట్రేటుగా మారుతుంది, నీరు నిలిచాక అది వాయువై గాలిలో కలిసిపోతుంది. తెచ్చిన చోటికే తిరిగి పంపినట్టవుతుంది! కాబట్టి నీరు తీయకుండా కాపాడుకోవాలి.

యూరియా విషయం గట్టిగా చెప్పాలి. పచ్చిరొట్ట వేసిన చేలో సిఫారసు చేసిన నత్రజనిలో పావు వంతయినా తగ్గించాలి. అలవాటు కొద్దీ పూర్తి మోతాదు వేస్తే వరి ముదురాకుపచ్చగా కళకళలాడుతుంది. ఆనక దోమపోటూ అగ్గితెగులూ ముందు అక్కడికే వస్తాయి, గాలివానకు పడిపోయేదీ ఆ చేనే.

ఈసారి జీలుగ చేలోకి వెళితే నెల రోజుల మొక్కను ఒకటి పరీక్షించండి. చేత్తో పీకకండి, బుడిపెలు నేలలోనే రాలిపోతాయి. చుట్టూ పారతో తవ్వి మట్టిగడ్డతో ఎత్తి, బకెట్టు నీళ్లలో మెల్లగా కడగండి. బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు ఉండాలి. అది మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం, లెగ్‌హిమోగ్లోబిన్. గులాబీ ఉంటే నత్రజని తయారవుతోంది. తెల్లగా ఉంటే ఇంకా మొదలు కాలేదు, ఆకుపచ్చగానో గోధుమగానో ఉంటే పని అయిపోయింది.

దున్నే ముందు రోజు మీటరు పొడవు, మీటరు వెడల్పు చతురస్రం గీసి అందులో మొక్కలన్నీ మొదలంటా కోసి తూకం వేయండి. ఎకరం అంటే దాదాపు 4 వేల చదరపు మీటర్లు. రెండు కిలోలు తూగితే ఎకరాకు 8 టన్నుల పచ్చిరొట్ట. అందులో నీరు పోగా ఎండు పదార్థం ఐదో వంతు, అంటే 1,600 కిలోలు. దానిలో నత్రజని నూటికి రెండున్నర పాళ్లనుకుంటే 40 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20 కిలోల పైచిలుకు, అంటే దాదాపు రెండు బస్తాలు. ఇందులో కొంత గాలిది కాదు, మొక్క నేల నుంచే తీసుకున్నది. అంతా ఈ వరికే దక్కదు కూడా, కొంత తర్వాతి పైరుకు మిగులుతుంది. మూడు నాలుగు చోట్ల కోసి సగటు తీయండి, గట్ల పక్కన మాత్రం కోయకండి, అక్కడ మొక్క ఎప్పుడూ ఏపుగానే ఉంటుంది. లెక్క వేసి నాకు రాసి పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య