ఎర్ర బటన్ నొక్కితే అయిపోయినట్టేనా? రోబోటిక్స్ ల్యాబ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎమర్జెన్సీ స్టాప్ నొక్కాక రోబో దగ్గరికి నిశ్చింతగా వెళ్లొచ్చు.

వాస్తవం: ఆ బటన్ మోటార్లకు కరెంటు ఆపుతుంది, బరువును కాదు. బ్రేకు లేని భుజం కీలు పవర్ పోగానే కిందికి జారుతుంది, దాని కింద మీ వేళ్లుంటే నలుగుతాయి. అందుకే బ్రేకున్న మోటారు వాడాలి, లేదా చెయ్యి పెట్టేముందు రోబో చేతి కింద దిమ్మ పెట్టాలి. పెద్ద డ్రైవ్‌ల (మోటార్లను నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్ల) కెపాసిటర్లలో స్విచ్ ఆపాక కూడా కొన్ని నిమిషాలు ఛార్జ్ ఉంటుంది. డ్రైవ్ మీద రాసినంత సేపు ఆగి, మల్టీమీటర్‌తో చూశాకే టెర్మినల్ ముట్టుకోవాలి.

బటన్‌ను మైక్రోకంట్రోలర్ (రోబో కోడ్ నడిపే చిప్) పిన్‌కి కలిపి కోడ్‌లో చదవడం ఇంకో పెద్ద తప్పు. కోడ్ హ్యాంగ్ అయిన రోజే కదా ఆ బటన్ కావాల్సింది! నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టులు (మామూలుగా కలిసి ఉండి, నొక్కితే విడిపోయేవి) వాడి, సేఫ్టీ రిలేతో (కోడ్‌తో పనిలేని భద్రతా స్విచ్‌తో) మోటార్ల పవర్‌ను నేరుగా తెంచాలి. అప్పుడు తీగ తెగినా, కనెక్టర్ ఊడినా రోబో ఆగిపోతుంది. బటన్ తిప్పి వదలగానే రోబో మళ్లీ కదలకూడదు, రీసెట్ విడిగా నొక్కాలి. బరువు లేకుండా, తక్కువ వేగంలో నడుపుతూ బటన్ తీగ ఒకటి పీకి చూడండి. రోబో ఆగకపోతే మీ ఎర్ర బటన్ అలంకారమే.

అపోహ: 24 వోల్టులే కదా, ఏమీ కాదు.

వాస్తవం: షాక్ సాధారణంగా కొట్టదు, కానీ కాలుస్తుంది. 6 సెల్ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాక్ ఫుల్ ఛార్జ్‌లో 25.2 వోల్టులు. స్పానర్ రెండు టెర్మినల్స్‌కీ తగిలితే వందల ఆంపియర్లు పారతాయి. ఉంగరం, లోహపు గడియారం తీసేయాలి. ఫ్యూజు ప్లస్ టెర్మినల్‌కి వీలైనంత దగ్గరగా ఉండాలి, ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న తీగను అది కాపాడలేదు. దాని రేటింగ్‌ను మోటారును బట్టి కాదు, తీగ మోయగలిగే కరెంటును బట్టి ఎంచుకోవాలి. వాడని ప్యాక్‌ను సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర నిల్వ ఉంచాలి. ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జ్ చేయొద్దు.

అపోహ: కోబాట్‌కి (మనుషుల పక్కనే పనిచేసేలా చేసిన రోబోకి) కంచె అక్కర్లేదు.

వాస్తవం: దాని చేతిలో ఏముందో చూడండి. గ్రిప్పర్ (రోబో చేతి చివరి పట్టు) స్క్రూడ్రైవర్ పట్టుకుంటే అది ఇక మెత్తని రోబో కాదు. 2016లో వచ్చిన ఐఎస్ఓ టీఎస్ 15066 అనే కోబాట్ భద్రతా పత్రం, ప్రమాదాన్ని రోబోతో పాటు పరికరాన్నీ, పనినీ కలిపే అంచనా వేయమంటుంది.

అపోహ: మోటారు ఉండుండి జెర్క్ ఇస్తోందంటే కోడ్‌లో బగ్ ఉన్నట్టే.

వాస్తవం: ముందు తీగలు చూడండి. క్యాన్ బస్‌కి (బోర్డుల మధ్య సందేశాలు మోసే రెండు తీగల లైనుకి) రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి. పవర్ ఆపి హై, లో తీగల మధ్య కొలిస్తే సుమారు 60 రావాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేదు. 40 వస్తే మధ్యలో ఏదో బోర్డు మీద మూడోది కూర్చుని ఉంది.