పన్ను కోతకు గడువు పెట్టిన ఏడాది

2026 నవంబరు 3న అమెరికాలో మధ్యంతర ఎన్నికలు, అంటే అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు జరిగేవి. పన్నుల రగడ మళ్లీ రాజుకుంది. నిరుడు జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం లేకపోతే మధ్యతరగతి మీద పెద్ద పన్ను భారం పడేదని రిపబ్లికన్లు అంటున్నారు. పేదల వైద్యానికి, తిండికి కోత పెట్టి ఉన్నవాళ్లకు పంచారని డెమొక్రాట్లు అంటున్నారు. రెండు వాదాలకూ ప్రభుత్వ లెక్కల్లో ఆధారం దొరుకుతుంది. ఒకే చట్టం మీద ఇలా రెండు నిజాలు ఎలా తిరుగుతున్నాయో అర్థం కావాలంటే రేగన్ కాలం దాకా వెళ్లనక్కర్లేదు, ఆ కథ చాలాసార్లు విన్నదే. 2001లో ఆగితే చాలు.

2000 ఎన్నికల నాటికి అమెరికా ఖజానాలో మిగులు ఉంది. ఇప్పటి పాఠకులకు ఇది వింతగానే వినిపిస్తుంది. ఆ మిగులు ప్రజల సొమ్మే కాబట్టి తిరిగిచ్చేద్దామన్నది రిపబ్లికన్ అభ్యర్థి జార్జి డబ్ల్యూ. బుష్ మాట. ముందు వృద్ధుల పింఛను పథకమైన సోషల్ సెక్యూరిటీకి తాళం వేసి భద్రపరుద్దాం, కోతలు కొందరికే, కొన్నింటికే ఇద్దామన్నది డెమొక్రాట్ అభ్యర్థి అల్ గోర్ మాట. బుష్ గద్దెనెక్కిన 2001 జనవరిలో కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం (సీబీవో) రాబోయే పదేళ్లకు 5.6 లక్షల కోట్ల డాలర్ల మిగులును అంచనా వేసింది. ఆ అంచనాను చూపించే కోతల బిల్లు ముందుకు కదిలింది.

చిక్కు కాంగ్రెస్ ఎగువ సభ సెనేట్‌లో వచ్చింది. సభలో రెండు పార్టీలకూ చెరి 50 మంది. మామూలు దారిలో వెళితే అడ్డంకులు దాటడానికి 60 ఓట్లు కావాలి. అందుకని రికన్సిలియేషన్ అనే బడ్జెట్ దారి పట్టారు. అందులో సాధారణ మెజారిటీ సరిపోతుంది. అప్పటిదాకా ఆ దారిని ప్రధానంగా లోటు తగ్గించడానికే వాడేవారు. దానికి కాపలాగా వెస్ట్ వర్జీనియా సెనేటర్ రాబర్ట్ బర్డ్ పేరుతో 1985లో వచ్చిన నిబంధన ఒకటి ఉంది. బడ్జెట్ కాలపరిమితి దాటాక కూడా లోటు పెంచే అంశం బిల్లులో ఉంటే, 60 ఓట్లు లేకుండా అది నిలవదు. మరి శాశ్వతంగా పన్ను తగ్గించడం ఎలా? తగ్గించలేదు. 2010 డిసెంబరు 31 తర్వాత ఈ చట్టంలోని కోతలేవీ ఉండవని చట్టంలోనే రాసేశారు. 2001 జూన్ 7న బుష్ సంతకం చేశారు. కోతల మొత్తం లెక్క 1.35 లక్షల కోట్ల డాలర్లు.

ఇవాళ్టి గొడవకంతటికీ మూలం గడువు పెట్టిన ఆ ఒక్క వాక్యమే అని నాకనిపిస్తుంది.

చట్టంలో సామాన్యుడి వాటా లేకపోలేదు. కొత్తగా 10 శాతం శ్లాబు వచ్చింది. పిల్లలున్నవాళ్లకు పన్నులో ఒక్కో బిడ్డకు ఇచ్చే తగ్గింపు, చైల్డ్ టాక్స్ క్రెడిట్, 500 నుంచి దశలవారీగా 1,000 డాలర్లకు చేరేలా పెట్టారు. ఆ వేసవిలోనే ఒంటరివాళ్లకు 300, దంపతులకు 600 డాలర్ల దాకా చెక్కులు ఇంటికొచ్చాయి. చెక్కు ముందు అందింది, మిగతా కథ తర్వాత నడిచింది. సంపన్నులు వారసులకు వదిలి వెళ్లే ఆస్తి మీద పన్ను ఏటా కాస్త కాస్త తగ్గి, 2010లో పూర్తిగా మాయమై, 2011లో మళ్లీ పాత రూపంలో తిరిగొచ్చేలా రాశారు. పన్ను లేకుండా చనిపోవడానికి ఒకే ఒక్క సంవత్సరం! చట్టం రాసినవాళ్లు దాన్ని అలాగే ఉంచుతారని ఎవరూ అనుకోలేదు. ఆ నమ్మకం మీదే ఏర్పాటంతా నిలబడింది.

గడువు వల్ల రెండు పనులు జరిగాయి. ఒకటి, బిల్లు ఖర్చు తక్కువగా కనిపించింది. రెండోది ఇంకా బలమైనది. గడువు దగ్గరపడగానే ఏమీ చేయకుండా ఊరుకున్నవాడే పన్ను పెంచినవాడవుతాడు. 2008లో రెండున్నర లక్షల డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాలకు పన్ను పెంచనని మాటిచ్చి గెలిచిన ఒబామా సరిగ్గా ఇందులోనే చిక్కుకున్నారు. 2010 నవంబరులో ప్రతినిధుల సభ చేజారింది, డిసెంబరు 31 ముంచుకొచ్చింది. ధనికులకిచ్చిన కోతలతో సహా అన్నింటినీ రెండేళ్లు పొడిగించడానికి ఆయన ఒప్పుకున్నారు. దాన్ని ఎదిరిస్తూ వామపక్ష సెనేటర్ బెర్నీ శాండర్స్ సభలో ఎనిమిది గంటలకు పైగా మాట్లాడింది అప్పుడే.

ఆ ఒప్పందంలో బదులుగా ఒబామాకు దక్కిన వాటిలో ఒకటి మన కథకు ముఖ్యం. జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ కింద కోసే 6.2 శాతాన్ని 4.2కు తగ్గించారు, అదీ తాత్కాలికంగానే. 2013 జనవరి 1న పెద్ద ఒప్పందం కుదిరింది. నాలుగు లక్షల డాలర్ల లోపు ఆదాయానికి (దంపతులైతే నాలుగున్నర లక్షలు) బుష్ రేట్లు శాశ్వతమయ్యాయి. మధ్యతరగతిని కాపాడామని రెండు పార్టీలూ చెప్పుకున్నాయి. అదే రోజు జీతం మీది తగ్గింపు మాత్రం చడీచప్పుడు లేకుండా ముగిసిపోయింది. ఏడాదికి 50,000 డాలర్లు సంపాదించే ఉద్యోగి చేతికి వచ్చేదాంట్లో 1,000 డాలర్లు తగ్గాయి. ఆ ఏడాది 77 శాతం కుటుంబాల మీద ఫెడరల్ పన్ను పెరుగుతుందని టాక్స్ పాలసీ సెంటర్ అనే పరిశోధన సంస్థ అంచనా వేసింది. ఏ అభ్యర్థీ ప్రచారంలో దాని ఊసెత్తింది తక్కువ. గడువున్న ప్రతి కోతకూ కాపలాదారులు ఉండరని అప్పుడు తేలింది.

2017కి వచ్చేసరికి ఈ ఉపాయం బాగా పదునెక్కింది. డిసెంబరు 22న ట్రంప్ సంతకం చేసిన చట్టం కంపెనీల పన్నును 35 నుంచి 21 శాతానికి దించింది. దానికి గడువు లేదు. మనుషులు కట్టే ఆదాయపు పన్నులో తగ్గించిన రేట్లు, దాదాపు రెట్టింపైన స్టాండర్డ్ డిడక్షన్, 2,000 డాలర్ల చైల్డ్ క్రెడిట్, వీటికి మాత్రం 2025 డిసెంబరు 31 గడువు. ఎవరిది శాశ్వతం, ఎవరిది తాత్కాలికం అన్నది చట్టం రాసినవాళ్ల ఎంపికే. అందులోనే వాళ్ల ప్రాధాన్యం కనిపిస్తుంది.

ఆనాటి వాగ్వాదంలో రెండు పక్షాలూ ఒకే సంస్థ నివేదికను చేతబట్టుకున్నాయి. 2018లో 80 శాతం మందికి పన్ను తగ్గుతుందని టాక్స్ పాలసీ సెంటర్ చెప్పింది. 2027లో సగానికి పైగా జనానికి కొంచెమైనా పెరుగుతుందని, లాభంలో 83 శాతం దాకా పై ఒక్క శాతానికే చేరుతుందని కూడా అదే చెప్పింది. రిపబ్లికన్లు మొదటి పేజీ చూపించారు, డెమొక్రాట్లు రెండోది. ఏ సంవత్సరం చూస్తున్నామన్నదే జవాబును మార్చేసింది. గడువు వచ్చాక చూసుకుందాం, ఎవరూ పెరగనివ్వరు అన్నది రిపబ్లికన్ల సమాధానం. 2025లో ఆ మాట నిజమైందని ఒప్పుకోవాలి.

డెమొక్రాట్లు కూడా ఈ ఆటకు దూరంగా లేరు. 2021లో చైల్డ్ క్రెడిట్‌ను 3,000, చిన్నపిల్లలకైతే 3,600 డాలర్లకు పెంచి, జులై నుంచి నెలనెలా ఖాతాల్లో వేశారు. ఒక్క ఏడాదికే. అదనపు సాయాలను కలిపి లెక్కించే కొలత ప్రకారం పిల్లల్లో పేదరికం ఆ ఏడాది 5.2 శాతానికి పడింది. పథకం ఆగిన మరుసటి ఏడాది 12.4 శాతానికి లేచింది. తమ పార్టీకే చెందిన వెస్ట్ వర్జీనియా సెనేటర్ జో మాంచిన్ పొడిగింపుకు ఒప్పుకోలేదు. ఆరోగ్య బీమా ప్రీమియంల మీద పెంచిన టాక్స్ క్రెడిట్‌దీ అదే తీరు. 2021లో మొదలై, ఒకసారి పొడిగింపు పొంది, 2025 చివర్లో ముగిసింది. దాని కోసమే నిరుడు ప్రభుత్వం 43 రోజులు మూతపడింది. పార్టీ ఏదైనా, గడువు తీరి పోయిన వాటిలో కింది వరుస జనానికి అందేవే ఎక్కువ కనిపిస్తాయి.

2024 ప్రచారం నాటికి సంగతి వేలంపాటలా తయారైంది. జూన్‌లో లాస్ వెగాస్‌లో ట్రంప్ టిప్పుల మీద పన్ను ఎత్తేస్తానన్నారు. ఆగస్టులో అదే ఊళ్లో కమలా హారిస్ తానూ ఎత్తేస్తానన్నారు. నిజానికి టిప్పులతో బతికే ఉద్యోగులు మొత్తం ఉద్యోగుల్లో సుమారు 2.5 శాతమే. వాళ్లలోనూ మూడో వంతుకు పైగా మందికి ఆదాయం తక్కువ కావడం వల్ల ఫెడరల్ ఆదాయపు పన్నే పడదని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం బడ్జెట్ ల్యాబ్ లెక్కగట్టింది. లేని పన్నును ఎత్తేస్తే మిగిలేది ఏముంది? హారిస్ ప్రణాళికలో వీళ్లకు అసలు ఉపయోగపడేది 3,600 డాలర్ల చైల్డ్ క్రెడిట్‌ను తిరిగి తేవడం, పుట్టిన బిడ్డకు మొదటి ఏడాది 6,000 ఇవ్వడం. ఆదాయపు పన్ను కట్టనంత చిన్న జీతగాడికి కూడా అది చేరేది. ప్రచారంలో మాత్రం ఎక్కువగా మోగింది టిప్పుల మాటే.

గెలిచాక ట్రంప్ వాగ్దానాలు చట్టంలోకి వచ్చాయి, చిక్కి వచ్చాయి. టిప్పుల్లో 25,000 డాలర్ల దాకా, ఓవర్‌టైమ్ అదనపు వేతనంలో 12,500 దాకా మినహాయింపు. జీతంలో కోసే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) పన్నులు మామూలే. సోషల్ సెక్యూరిటీ పింఛను మీద పన్నే ఉండదన్న వాగ్దానం 65 దాటినవాళ్లకు 6,000 డాలర్ల డిడక్షన్‌గా మారింది. రికన్సిలియేషన్‌లో సోషల్ సెక్యూరిటీ జోలికి వెళ్లడం కుదరదు మరి. ఈ మూడూ 2028 చివరిదాకానే.

2017 కోతలను శాశ్వతం చేసిన తీరు చూస్తే 2001 నాటి ఉపాయం గుండ్రంగా తిరిగి మొదటికొచ్చినట్టుంటుంది. అప్పుడు గడువు పెట్టి ఖర్చు తక్కువ చూపించారు. ఇప్పుడు సెనేట్ రిపబ్లికన్లు, ఈ కోతలు ఎలాగూ అమల్లో ఉన్నవే కాబట్టి కొనసాగిస్తే కొత్త ఖర్చేమీ లేదన్న లెక్కను ముందుకు తెచ్చారు. మామూలు పద్ధతిలో లెక్కించిన సీబీవో పదేళ్లలో లోటు 3.4 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుందంది. సెనేట్‌లో ఓట్లు 50-50గా చీలితే ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో బిల్లు గట్టెక్కింది.

చట్టం మొత్తాన్ని కలిపి చూస్తే, మధ్యలో ఉన్న కుటుంబాలకు ఏడాదికి సగటున 800 నుంచి 1,200 డాలర్ల లాభం, పై పది శాతానికి 13,600 లాభం, అట్టడుగు పది శాతానికి 1,200 నష్టం అని నిరుడు ఆగస్టులో సీబీవో తేల్చింది. ఆ నష్టం మెడికెయిడ్ (పేదల ప్రభుత్వ వైద్య బీమా), ఆహార సాయం కోతల వల్ల. ఈ కోతల తేదీలు కూడా చూడాల్సినవే. టిప్పుల మినహాయింపు 2025 ఆదాయానికే వర్తించి, ఈ ఏడాది రీఫండ్‌ల్లో కనిపించింది. మెడికెయిడ్ కావాలంటే పని చేయాలన్న నిబంధన రాష్ట్రాల్లో తప్పనిసరయ్యేది 2027 జనవరి 1 నుంచి, అంటే ఓట్లు పడి రెండు నెలలయ్యాక. 2001లో చెక్కు ముందొచ్చిన క్రమమే ఇదీ.

ఓటు లేకపోయినా పన్ను కట్టే మనవాళ్లను కలవరపెట్టిన అంశం ఒకటుంది. పౌరులు కానివాళ్లు విదేశాలకు పంపే డబ్బు మీద పన్ను బిల్లు దశలో 5 శాతంతో మొదలై, 3.5కు దిగి, చివరకు అందరికీ 1 శాతంగా ఆగింది. అదీ నగదు, మనీ ఆర్డర్ లాంటివాటికే. బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు. దీనికి గడువేమీ పెట్టలేదు.

గడువున్నవి మళ్లీ వరుస కట్టాయి. న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా లాంటి చోట్ల ఇంటి యజమానులు మురిసిన 40,000 డాలర్ల రాష్ట్ర, స్థానిక పన్నుల డిడక్షన్ 2030లో 10,000కు పడిపోతుంది. టిప్పులు, ఓవర్‌టైమ్, వృద్ధుల డిడక్షన్ 2028 డిసెంబరు 31న పోతాయి. అధ్యక్ష ఎన్నిక ఆ ఏడాది నవంబరు 7న. కంపెనీల 21 శాతానికి మాత్రం చట్టంలో ఇప్పటికీ ఏ తేదీ లేదు.