టూల్స్ ఎక్కడికీ పోవు: ఫొటోషాప్ ప్యానెళ్ల మీద అపోహలు - వాస్తవాలు

చెరువుగట్టు జాతర దగ్గర పడిందంటే నల్లగొండలో మా ఫ్లెక్సీ షాపులోళ్లకు నిద్ర ఉండదు. అట్లాంటి ఒక రాత్రి పక్క షాపు పిల్లగాడు ఫోన్ చేసిండు. "అన్నా, టూల్స్ మొత్తం మాయమైనయ్. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ల ఎక్కిస్తున్న."

"ఆగురా. ఒక్కసారి ట్యాబ్ నొక్కు."

అన్నీ వచ్చి కూసున్నయ్.

అపోహ: ప్యానెల్ (టూల్స్, లేయర్స్ లాంటివి ఉండే డబ్బా) కనబడకపోతే సాఫ్ట్‌వేర్ చెడిపోయినట్టే.

వాస్తవం: ట్యాబ్ నొక్కితే అన్నీ దాక్కుంటాయి, మళ్లీ నొక్కితే వస్తాయి. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే టూల్‌బార్ ఉంటుంది, మిగతా ప్యానెళ్లు పోతాయి. జింప్ అనే ఇంకో ఫొటో సాఫ్ట్‌వేర్‌లోనూ ట్యాబ్‌ది ఇదే పని. లేయర్స్ ఒక్కటే పోయిందా? ఎఫ్ 7 నొక్కండి. ఏ ప్యానెల్ పేరైనా విండో మెనూలో ఉంటుంది, టిక్ పెడితే చాలు.

అపోహ: వర్క్‌స్పేస్ (తెర మీద ప్యానెళ్ల అమరిక) రీసెట్ చేస్తే చేసిన పని పోతుంది.

వాస్తవం: ఇంతకంటే అనవసరమైన భయం ఇంకోటి లేదు. ఇల్లు సర్దితే బియ్యం పోతాయా? విండో, వర్క్‌స్పేస్, రీసెట్ ఎసెన్షియల్స్. చెదిరిన ప్యానెళ్లు వాటి చోటికి పోతాయి, మీ ఫైలు జోలికి ఎవరూ రారు. నేనైతే పని మొదలుపెట్టే ముందే రోజూ చేస్తా, ఎందుకంటే రాత్రి షిఫ్టు వాళ్లు అన్నీ ఎక్కడెక్కడికో లాగి పోతారు. ఫొటోషాప్ తెరుచుకునేటప్పుడు కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ పట్టుకోవడం మాత్రం వేరే సంగతి. అది మీ సెట్టింగులనే తుడిచేస్తుంది, చివరి మందుగా వాడాలి.

అపోహ: పెయింట్ బకెట్ కొత్త వెర్షన్లో తీసేశారు.

వాస్తవం: గ్రేడియంట్ కింద ఉంది. టూల్ బొమ్మ మూలకు చిన్న త్రికోణం ఉంటే దాని కింద ఇంకా టూల్స్ ఉన్నట్టు. నొక్కి పట్టుకోండి, లేదా రైట్ క్లిక్ చేయండి. అక్కడా లేకపోతే టూల్‌బార్ అడుగున మూడు చుక్కల్లో వెతకండి.

అపోహ: బ్రష్ గుండ్రం పోయి ప్లస్ గుర్తు వస్తే మౌస్ పాడైనట్టు.

వాస్తవం: క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉంది, అంతే. నేర్చుకునే రోజుల్లో నేను ఈ గుర్తు చూసే ప్రకాశం బజార్‌కు పోయి కొత్త మౌస్ కొనుక్కొచ్చిన. పాతది ఇంకా పని చేస్తూనే ఉంది.