చెయ్యి అందని ప్లగ్గు: పాత బండ్ల మీద అపోహలు - వాస్తవాలు

మా షెడ్డు నల్లగొండలో, దేవరకొండ రోడ్డు మీద. సీటు కింద ఇంజన్ ఉండే పెట్రోల్, గ్యాస్ బండ్లు ఎక్కువ వస్తాయి: ఓమ్ని, ఈకో, సూపర్ క్యారీ. ఇంజన్‌లో నిప్పురవ్వ కొట్టి ఇంధనాన్ని అంటించేది స్పార్క్ ప్లగ్గు. దాని గురించి వచ్చిన వాళ్ల దగ్గర రోజూ వినే మాటలే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక చిన్నది. "మా డీసీఎంకు కూడా ప్లగ్గులు మార్చు అన్నా" అని డీజిల్ లారీ వాళ్లు అడుగుతారు. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. కొన్ని డీజిల్ బండ్లకు ఉండేది గ్లో ప్లగ్గు. చలికి స్టార్ట్ కావడానికి వేడి చేస్తుందంతే, నిప్పురవ్వ కొట్టదు.

అపోహ: మొన్ననే ప్లగ్గులన్నీ మార్పించిన, మిస్సింగ్ వాటిది కాదు.

మిస్సింగ్ అంటే ఒక సిలిండర్ సరిగ్గా అంటుకోక ఇంజన్ వణకడం. ఈ మాట విన్నానంటే నేను మొదట చూసేది వెనక సిలిండర్ ప్లగ్గునే. ఓమ్నిలో ఇంజన్ ముందు సీట్ల కింద బండి పొడుగునా, తోక గేర్‌బాక్సు వైపు పెట్టి ఉంటుంది. సిలిండర్లు మూడు. ముందు రెండింటికి చెయ్యి ఎట్లనో పోతుంది. మూడోదానికి మోచెయ్యి గీసుకోకుండా పాన పెట్టడం కష్టం.

పోయిన ఎండాకాలం బత్తాయి మార్కెట్‌కు కాయ తోలే ఓమ్ని ఒకటి వచ్చింది. చిన్న గడ్డ ఎక్కాలన్నా వణుకుతోంది. "మూడు నెలల కిందనే కొత్తయి ఏసిన్రు అన్నా, బిల్లు గూడ ఉంది" అన్నాడు డ్రైవరు. తీస్తే రెండు నిజంగానే కొత్తవి. మూడోది ఊడిరావడానికి అరగంట పట్టింది. ఒంటి నిండా తుప్పు, కంపెనీ కూడా వేరే. నిప్పురవ్వ కొట్టే మధ్య ఎలక్ట్రోడు అంచులు పోయి గుండ్రంగా అరిగిపోయింది. రవ్వ దూకే సందును ఫీలర్ గేజ్ పెట్టి కొలిస్తే, ఆ గ్యాపు 1.3 మిల్లీమీటర్లు. పక్కన కొత్తవాటికి 0.8. బిల్లులో మాత్రం మూడూ ఉన్నాయి.

అందుకే ప్లగ్గులు మార్పిస్తే పాతవి చేతికి ఇమ్మని అడగండి. మూడు సిలిండర్లకు మూడు, నాలుగింటికి నాలుగు లెక్క తేలాలి.

అపోహ: ఇంజన్ వేడి మీద ఉంటేనే ప్లగ్గు సులువుగా వస్తుంది.

ఇందులో సగం నిజం ఉంది, అదే కొంప ముంచుతుంది. ప్లగ్గు బిగించే హెడ్డు, అంటే సిలిండర్ల పైమూత, అల్యూమినియం; ప్లగ్గు ఒళ్లు ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి రంధ్రం వదులవుతుందన్నది లెక్క. కానీ వేడి మీద ఆ అల్యూమినియం మరలకు బలం తక్కువ. పట్టేసిన ప్లగ్గును గుంజితే మరలు కూడా దాంతోపాటే ఊడొస్తాయి. చేతులు కాలడం వేరే లెక్క.

నేను బండిని చల్లారనిస్తా. ముందు ప్లగ్గు గుంతలోకి గాలి కొడతా. మా చెలక బాటల మీద తిరిగే బండిలో ఆ గుంత నిండా ఎర్రదుబ్బే ఉంటుంది, ఊదకుండా విప్పితే అదంతా సిలిండర్‌లోకి పోతుంది. తర్వాత పావు చుట్టు వదులు చేసి మళ్లీ గాలి, తుప్పు నూనె రెండు చుక్కలు, ఒక చాయ్ తాగేంత సేపు ఆగడం. ఆపై కొంచెం విప్పు, కొంచెం బిగించు, మళ్లీ విప్పు. 'కిర్రు' మని సప్పుడొస్తే అక్కడే ఆగి, వెనక్కి తిప్పి, ఇంకో చుక్క వేస్తా.

అపోహ: చెయ్యి పోని చోట రాచెట్‌తోనే ఎక్కించాలి.

ఈ పని నేనే చేశా, హెల్పర్‌గా ఉన్నప్పుడు. ఎక్స్‌టెన్షన్ రాడ్డుకు ప్లగ్గు తగిలించి, గుంతలోకి దించి, రాచెట్ పానతో తిప్పా. రెండు చుట్లకే బిగుసుకుంది. కొత్త ప్లగ్గు కదా, బిగువుంటది అనుకుని ఇంకా తిప్పా. వంకరగా ఎక్కి హెడ్డు మరలు కోసేసింది. హెడ్డు దించి, లేత్ దగ్గర రంధ్రం పెద్దది చేయించి, కొత్త మరలకు స్ప్రింగు లాంటి హెలికాయిల్ వేయించేసరికి రెండు రోజులు. ఉస్తాద్ తిట్టలేదు. జానెడు పెట్రోల్ పైపు ముక్క కోసి నా చేతిలో పెట్టాడు.

ప్లగ్గు పింగాణీ కొసకు ఆ పైపు తొడిగి, గుంతలోకి దించి, పైకొసను వేళ్లతో తిప్పాలి. మర సరిగ్గా అందితే ప్లగ్గు మెత్తగా దిగిపోతుంది. వంకర పడితే రబ్బరు జారుతుంది గానీ ప్లగ్గు తిరగదు. రాచెట్‌కు ఆ తెలివి లేదు. ఆ పైపు ముక్క లేకుండా ఇప్పటికీ సీటు లేపను.

అపోహ: ఎంత గట్టిగా బిగిస్తే అంత భద్రం.

వాషరు ఉండే కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్గు వేళ్లతో ఆనిన తర్వాత అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు చాలు. ఎంత బిగువో చూపే టార్క్ పాన ఉంటే అల్యూమినియం హెడ్డుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. అదే ప్లగ్గు మళ్లీ వాడితే వాషరు అప్పటికే నలిగి ఉంటుంది, పన్నెండో వంతు చుట్టు చాలు. వాషరు లేని, ఏటవాలు సీటు ప్లగ్గుకు పదహారో వంతే. వదులుగా ఉన్నా తప్పే. ప్లగ్గు తన వేడిని హెడ్డుకు దాటించేది ఆ ఆనిన చోటు నుంచే, అక్కడ సందు ఉంటే ప్లగ్గు మాడిపోతుంది.

మరలకు గ్రీజు పూయమనే వాళ్లూ ఉన్నారు. మరలకు పూత ఉన్న ప్లగ్గులకు అక్కర్లేదని ప్లగ్గులు చేసే ఎన్‌జీకే కంపెనీ వాళ్లే చెబుతారు. జారుడు ఉంటే చేతికి తెలియకుండానే ఎక్కువ బిగుస్తుంది.

అపోహ: మరలు పడితే ఏ నంబరైనా ఒకటే.

ఎన్‌జీకేలో నంబరు పెరిగితే ప్లగ్గు చల్లనిది, అంటే వేడిని త్వరగా హెడ్డుకు వదిలేది. బాష్ కంపెనీలో తిరగేసి: నంబరు పెరిగితే వేడిది. ఒకదాని బదులు ఇంకోటి అంకె చూసి కొన్నారో, అయిపోయారు. పొడుగు కూడా చూడాలి. బీపీఆర్6ఈఎస్‌కు మర పొడుగు 19 మిల్లీమీటర్లు, బీపీఆర్6హెచ్‌ఎస్‌కు 12.7. ఒక్క అక్షరమే తేడా. పొట్టి హెడ్డులో పొడుగుది వేస్తే పిస్టన్ వచ్చి కొట్టే ప్రమాదం ఉంది.

పింగాణీ మొదట్లో గోధుమరంగు వలయం చూసి "గ్యాస్ లీకవుతుంది" అని పారేస్తారు. అది లీకు కాదు. హై వోల్టేజీ చుట్టూ గాలిలోని నూనె తుంపరలు వచ్చి అంటుకున్న మరక.

అపోహ: పాత ప్లగ్గు విప్పితే సగానికి విరిగి లోపల ఉండిపోతుంది.

ఇది యూట్యూబ్ భయం. అమెరికాలో 2004 నుంచి 2008 దాకా వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కుల్లో, సిలిండర్‌కు మూడు వాల్వులుండే 5.4 లీటర్ల ఇంజన్‌కు రెండు ముక్కలు అతికిన ప్లగ్గులు ఉండేవి. కింది గొట్టం మసికి పట్టేసి, విప్పేటప్పుడు విరిగేది. ఆ ముక్క తీయడానికి ప్రత్యేకం పనిముట్లే వచ్చాయి. మన బండ్లలో ఆ రకం ప్లగ్గు లేదు. ఇక్కడ విరిగేది పింగాణీ, అదీ పాన వంకరగా పెడితే.

అపోహ: గ్యాస్‌లో మిస్సింగ్, పెట్రోల్‌లో బాగుంది అంటే గ్యాస్ కిట్టే ఖరాబ్.

కావచ్చు. కానీ ముందు ప్లగ్గు చూడండి. సీఎన్‌జీని అంటించడానికి పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. గ్యాపు పెరిగిన ప్లగ్గు పెట్రోల్ మీద ఎట్లనో లాక్కొస్తుంది, గ్యాస్ మీద చేతులెత్తేస్తుంది. అట్లనే నడిపితే భారం ఆ వోల్టేజీ పుట్టించే కాయిల్ మీద పడుతుంది, అది కూడా పోతుంది. కిట్టు విప్పదీసి, వేల రూపాయలు పెట్టి, చివరికి మా దగ్గర ప్లగ్గులు మార్పించుకుని పోయినవాళ్లు ఉన్నారు.

అపోహ: మూడు ప్లగ్గులకు గంటన్నరా? పైసల కోసం నాటకం.

రెండింటికి పది నిమిషాలు, మూడోదానికి మిగతాదంతా. ఆ బత్తాయి బండి డ్రైవరు పక్కనే స్టూలు వేసుకుని అంతసేపూ చూశాడు. పోయేటప్పుడు ఆ తుప్పు ప్లగ్గును గుడ్డలో చుట్టి డాష్‌బోర్డు మీద దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు. "ఇదెందుకన్నా?" అంటే, "బిల్లు రాసినాయనకు ఒకపారి చూపియ్యాలె" అన్నాడు.